ఫైలు అక్కడ, ప్రాణం ఇక్కడ: కెనడా పీఆర్ నిరీక్షణపై పాఠకుల ప్రశ్నలు

పాయింట్లను బట్టి వలసదారులను ఎంచే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో కెనడా పీఆర్‌కు దరఖాస్తు పెట్టి జవాబు కోసం చూస్తున్నవాళ్ల ఉత్తరాలు ఈసారి ఎక్కువగా వచ్చాయి. ఒకే సందేహాన్ని పదిమంది అడిగితే ఒకటిగా కలిపాం. పాఠకులు వాడిన పొట్టి మాటలనే మేమూ వాడుతున్నాం. పీఆర్ అంటే శాశ్వత నివాస హక్కు. ఐటీఏ అంటే దరఖాస్తు పెట్టుకోమని వచ్చే పిలుపు. ఏవోఆర్ అంటే అది అందినట్టు వచ్చే రసీదు. సీవోపీఆర్ అంటే పీఆర్‌ను ఖరారు చేసే పత్రం. ఐఆర్‌సీసీ అంటే అక్కడి వలస శాఖ. డాలర్లన్నీ కెనడా డాలర్లే.

ప్రశ్న: ఏవోఆర్ వచ్చి నాలుగు నెలలైంది. అకౌంటు తెరిస్తే రోజూ అదే మాట, పరిశీలనలో ఉందని. మాతో పాటు పెట్టిన స్నేహితుడికి మెడికల్ పాసైనట్టు ఎప్పుడో వచ్చిందట. మా ఫైలు ఎక్కడో ఇరుక్కున్నట్టేనా?
— కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకుడు

జవాబు: నాలుగు నెలల మౌనాన్ని బట్టి అలా అనుకోనక్కర్లేదు. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి ఐఆర్‌సీసీ పెట్టుకున్న గడువు ఆరు నెలలు. అదీ నూటికి ఎనభై ఫైళ్లను ఆ లోపు తేల్చాలన్న లక్ష్యమే గాని అందరికీ ఇచ్చిన మాట కాదు. మిగతా ఇరవైలో పడ్డంత మాత్రాన ఏదో తప్పు జరిగిందని అర్థం కాదు.

ఏవోఆర్ దానంతటదే వచ్చే రసీదు. అది వచ్చిందంటే మనిషి ఎవరో ఫైలు తెరిచి చూశారని కాదు. ఆ తర్వాత మొదట జరిగేది కాగితాలన్నీ ఉన్నాయా లేవా అన్న లెక్క. వలస నిబంధనల్లో పదో సెక్షన్ ప్రకారం చేస్తారు కాబట్టి దీన్ని ఆర్10 అంటారు. ఇక్కడ తప్పనిసరి కాగితం ఒక్కటి లోపించినా, ఉదాహరణకు పదేళ్లలో వరసగా ఆరు నెలలో అంతకుమించో ఉన్న దేశం నుంచి పోలీసు సర్టిఫికెట్ లేకపోయినా, దరఖాస్తును అసలు పెట్టనట్టే లెక్కగట్టి తిప్పి పంపవచ్చు. ఫీజు వెనక్కి వస్తుంది, ఐటీఏ మాత్రం రాదు. దాని 60 రోజుల గడువు అప్పటికే దాటిపోయి ఉంటుంది.

ఆ గండం గడిచాక నాలుగు పరిశీలనలు పక్కపక్కనే నడుస్తాయి. ఆరోగ్యం, అర్హత, నేరచరిత్ర, భద్రత. వీటికి ఒక వరస లేదు. ఒకరికి మెడికల్ ముందు తేలుతుంది, ఇంకొకరికి అర్హత ముందు తేలుతుంది. 2025 ఆగస్టు 21 నుంచి మెడికల్ పరీక్ష ముందే చేయించుకుని దరఖాస్తుతో జతచేయాలన్న నియమం వచ్చింది గనుక ఆ అంశం చాలామందికి త్వరగా తేలుతోంది. అందుకే మెడికల్ పాసవడాన్ని ఫైలు కదలికకు కొలమానంగా తీసుకోకండి.

ఆలస్యం సాధారణంగా రెండుచోట్ల. ఒకటి భద్రత. ఇది ఐఆర్‌సీసీ ఒక్కటే చేసే పని కాదు, సరిహద్దు సేవల సంస్థ, గూఢచార సంస్థ కూడా చూడాలి. పోలీసు, సైన్యం, ప్రభుత్వ ఉద్యోగం చేసినవాళ్లకూ, నాలుగైదు దేశాల్లో ఉండివచ్చినవాళ్లకూ ఎక్కువ కాలం పట్టవచ్చు. రెండోది అర్హత. మీ పాత కంపెనీ ఇచ్చిన అనుభవ పత్రం నిజమా కాదా అని అధికారి ఆ కంపెనీకే మెయిల్ రాయవచ్చు, ఫోన్ చేయవచ్చు. పత్రం మీద సంతకం చేసిన మేనేజర్ ఉద్యోగం మానేసి, హెచ్‌ఆర్ మెయిల్ ఎవరూ చూడకపోతే ఫైలు అక్కడే కూర్చుంటుంది. కాబట్టి సంతకం చేసినవాళ్లకు ఒక మాట చెప్పి ఉంచండి. వాళ్లు మారిపోయి ఉంటే ఇప్పుడు ఎవరిని అడగాలో తెలుసుకుని పెట్టుకోండి.

ప్రశ్న: జీసీఎంఎస్ నోట్స్ (ఐఆర్‌సీసీ కంప్యూటర్‌లో మన ఫైలు మీద ఉన్న వివరాలు, వ్యాఖ్యలు) తెప్పించుకుంటే అధికారులకు కోపం వచ్చి ఫైలు పక్కన పెడతారంటున్నారు. నిజమేనా?
— వరంగల్

జవాబు: కాదు. సమాచారం కోరే అర్జీని చూసే విభాగం వేరు, మీ ఫైలు చూసే అధికారి వేరు. కెనడా సమాచార హక్కు చట్టం కింద అడిగితే 5 డాలర్లు. అడిగేవాళ్లు కెనడాలో ఉండాలి, లేదా అక్కడున్న వ్యక్తికి మీరు సంతకం చేసిన సమ్మతి పత్రం ఇవ్వాలి. చట్టప్రకారం గడువు 30 రోజులు, కాని వాళ్లు పొడిగించుకోవచ్చు.

అసలు ప్రశ్న, ఎప్పుడు అడగాలన్నది. రెండో నెలలో అడిగితే వచ్చేది మీరు నింపిన సమాచారమే, డబ్బు దండగ. ఆరు నెలలు దాటాకో, ఏదైనా అనుమానం ఉన్నప్పుడో అడగండి. నోట్స్‌లో అర్హత, నేరచరిత్ర, భద్రత అన్న మూడు వరసల ఎదుట ఉన్న మాటలు చూడండి. ఇంకా మొదలవలేదు, పరిశీలించాలి, పాసవడానికి సిఫార్సు, పాస్ అన్న అర్థాల్లో ఉంటాయి. కింద అధికారి రాసుకున్న వ్యాఖ్యలు అంతకంటే విలువైనవి. ‘ఉద్యోగ బాధ్యతలు చెప్పిన వృత్తి కోడ్‌కు సరిపోవడం లేదు’ అన్న ఒక్క వాక్యం కనబడితే, వాళ్లు తాఖీదు పంపేలోపే మీ జవాబు సిద్ధం చేసుకోవచ్చు. ఆ నోట్స్ అర్జీ తీసుకున్న నాటివి, మీ చేతికి అందేసరికి పాతబడి ఉంటాయని గుర్తుంచుకోండి.

ప్రశ్న: దరఖాస్తు పెట్టినప్పుడు మేమిద్దరమే. ఇప్పుడు మా ఆవిడకు ఏడో నెల. పాప పుట్టాక చెప్పాలా, ఇప్పుడే చెప్పాలా? పాపను ఇక్కడే అమ్మమ్మ దగ్గర ఉంచి, మేం వెళ్లి స్థిరపడ్డాక తెచ్చుకుంటే కుదరదా?
— విజయవాడ

జవాబు: పుట్టాక చెప్పాలి, పుట్టిన వెంటనే చెప్పాలి. ఐఆర్‌సీసీ వెబ్ ఫారంలో దరఖాస్తు నంబరు, యూసీఐ నంబరు (ఐఆర్‌సీసీ మీకిచ్చిన గుర్తింపు సంఖ్య) రాసి, బిడ్డ పుట్టినట్టు రెండు వాక్యాలు రాయండి. జనన ధ్రువపత్రం చేతికి రాకపోయినా ఆస్పత్రి కాగితంతో మొదటి సమాచారం ఇచ్చేయండి. ‘పాస్‌పోర్టు వచ్చాక అన్నీ కలిపి పంపుతాం’ అని ఆగితే మధ్యలో మీ సీవోపీఆర్ ఇద్దరి పేర్లతో తయారైపోవచ్చు.

ఆ తర్వాత బిడ్డకు కావలసినవి ఇవి. మున్సిపాలిటీ జనన ధ్రువపత్రం, తల్లిదండ్రులిద్దరి సమ్మతితో, అంటే అనెక్సర్ డీతో, తీసిన పాస్‌పోర్టు, కుటుంబ వివరాల ఫారం, ఐఆర్‌సీసీ చెప్పాక దాని జాబితాలోని ప్యానెల్ డాక్టర్ దగ్గర మెడికల్, ప్రాసెసింగ్ ఫీజు. 2024 ఏప్రిల్ 30న వచ్చిన పట్టికలో పిల్లలకు 260 డాలర్లు. కట్టేరోజున పట్టిక మరోసారి చూసుకోండి. పిల్లలకు శాశ్వత నివాస హక్కు ఫీజు ఉండదు. జనన ధ్రువపత్రంలో బిడ్డ పేరు పెట్టకుండా వదిలేసే అలవాటు మనకుంది. అది పాస్‌పోర్టు దగ్గర వారాలు తినేస్తుంది. బారసాల దాకా ఆగక పేరు ముందే అనుకోండి.

అమ్మమ్మ దగ్గర ఉంచడం మీ ఇష్టం. తనను వెంట రాని కుటుంబ సభ్యురాలిగా చూపించవచ్చు. కాని వెంట రాకపోయినా ఆమె వివరాలు ఫైలులో ఉండాలి, మెడికల్ కూడా జరగాలి. అలా చూపకుండా మీరు వెళ్లి ల్యాండైపోతే, నిబంధన 117(9)(డి) ప్రకారం తర్వాత ఆ బిడ్డను ఫ్యామిలీ క్లాస్‌లో (కుటుంబ సభ్యులను పిలిపించుకునే విభాగం) స్పాన్సర్ చేసే దారి మూసుకుపోతుంది. కెనడా పీఆర్ వ్యవహారంలో ఇంత చిన్న మరుపుకు ఇంత పెద్ద శిక్ష మరోచోట లేదు.

పెళ్లి విషయంలోనూ ఇదే వరస. ఫైలు పెట్టాక పెళ్లయితే, మనువు రిజిస్టరైన వెంటనే చెప్పాలి. కొత్త జంటలో రెండోవారిని వెంట తీసుకెళ్లాలంటే ఆ 2024 పట్టిక ప్రకారం ప్రాసెసింగ్ 950, నివాస హక్కు 575, మొత్తం 1,525 డాలర్లు, వేలిముద్రలకు 85. సీవోపీఆర్ చేతికొచ్చాక, విమానం ఎక్కేముందు బిడ్డ పుట్టినా పెళ్లయినా ప్రయాణం ఆపి ముందు సమాచారం ఇవ్వండి. ల్యాండింగ్‌లో అధికారి అడిగే రెండు మూడు ప్రశ్నల్లో కుటుంబంలో మార్పుందా అన్నది ఒకటి.

ఐటీఏ వచ్చి ఇంకా దరఖాస్తు పెట్టని సమయంలో పెళ్లయితే సంగతి వేరు. పాయింట్లు మళ్లీ లెక్కగట్టుకోవాలి. జీవిత భాగస్వామి చేరడంతో స్కోరు ఆ రౌండు కట్‌ఆఫ్ కంటే తగ్గిందా, ఆ ఐటీఏను వదులుకోవడమే క్షేమం. పెడితే తిరస్కరిస్తారు, ఫీజు సంగతి అటుంచి సమయం పోతుంది.

ప్రశ్న: మా అబ్బాయికి వచ్చే నెలలో 22 నిండుతాయి. ఫైలు ఇంకా తేలలేదు. వాడు ఔటైపోతాడా?
— గుంటూరు

జవాబు: పోడు. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో పూర్తి దరఖాస్తు అందిన రోజున ఉన్న వయసే లెక్క. ఆ రోజుకు 22 నిండలేదు కాబట్టి ఫైలు ఎంతకాలం నడిచినా అతను డిపెండెంటే. కాని ల్యాండయ్యేదాకా అవివాహితుడిగానే ఉండాలి. సంబంధాలు చూస్తుంటే ముహూర్తం వెనక్కి జరపండి.

ప్రశ్న: మావారి పాస్‌పోర్టు ఐదు నెలల్లో అయిపోతుంది. మెడికల్‌కు కూడా ఏడాది కావస్తోంది. ముందే రెన్యూ చేయించి పంపేద్దామా, వాళ్లు అడిగేదాకా ఆగుదామా?
— దుబాయ్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: పాస్‌పోర్టు విషయంలో ఆగకండి. సీవోపీఆర్ మీద ‘ఈ తేదీలోపు ప్రవేశించాలి’ అని ఒక గడువు ఉంటుంది. దాన్ని సాధారణంగా మెడికల్ గడువుకో, పాస్‌పోర్టు గడువుకో, ఏది ముందైతే దానికి కట్టేస్తారు. ఆ తేదీని పొడిగించరు. రెన్యూ చేయించి కొత్త పాస్‌పోర్టు వివరాల పేజీలు, పాతదాని కాపీ వెబ్ ఫారంలో పంపండి. కొత్తదాంట్లో ఇంటిపేరు, పుట్టిన ఊరు పాతదాంట్లో ఉన్నట్టే ఉన్నాయో లేదో అక్షరం అక్షరం చూసుకోండి. పిల్లల పాస్‌పోర్టుల గడువు ఐదేళ్లే, అవీ తీసి చూడండి.

మెడికల్ సంగతి దీనికి పూర్తిగా వేరు. పరీక్ష చేసిన నాటి నుంచి 12 నెలలు చెల్లుతుంది. గడువు ముగుస్తోందని మీ అంతట మీరు మళ్లీ చేయించుకోవద్దు. అధికారి పాతదాన్నే పొడిగించవచ్చు, లేదా కొత్త సూచన పత్రం పంపవచ్చు. ఆ పత్రం లేకుండా వెళ్తే కొత్త ఫలితం పాత ఫైలుకు చేరకపోవచ్చు, డబ్బు రెండుసార్లు అవుతుంది. వాళ్లు పంపాక మాత్రం అందులో చెప్పిన గడువులోపు ఐఆర్‌సీసీ జాబితాలోని ప్యానెల్ డాక్టర్ దగ్గరికే వెళ్లాలి. మీ ఫ్యామిలీ డాక్టర్ ఎంత పేరున్నవాడైనా ఆయన రిపోర్టు పనికిరాదు.

ఒకటి అడగకపోయినా చెబుతున్నాం. దరఖాస్తు పెట్టాక ఇండియాలోనో మరో దేశంలోనో కొన్ని నెలలు ఉండివస్తే కొత్త పోలీసు సర్టిఫికెట్ అడగవచ్చు. ఇండియాది పాస్‌పోర్టు కార్యాలయం ఇచ్చే పీసీసీ కావాలి, ఠాణాలో ఇచ్చే కాగితం చెల్లదు.

ప్రశ్న: నేను బ్రాంప్టన్‌లో పీజీడబ్ల్యూపీ (చదువు ముగిశాక ఇచ్చే వర్క్ పర్మిట్) మీద పనిచేస్తున్నాను. అది రెండు నెలల్లో ముగుస్తుంది. పీఆర్ ఫైలు పెట్టి ఏవోఆర్ వచ్చింది. పర్మిట్ అయిపోయాక పని మానేయాలా?
— బ్రాంప్టన్

జవాబు: మానక్కర్లేదు, కాని రెండు నెలల్లో చేయాల్సింది చేస్తేనే. మీకు కావలసింది పాత పర్మిట్‌కూ పీఆర్‌కూ మధ్య ఖాళీని పూడ్చే బ్రిడ్జింగ్ ఓపెన్ వర్క్ పర్మిట్. మన కుర్రాళ్లు బీవోడబ్ల్యూపీ అంటారు. దీనికి మీరు కెనడాలో ఉండాలి, ప్రధాన దరఖాస్తుదారు మీరే కావాలి, చెల్లుబాటయ్యే పని అనుమతి ఉండాలి, పీఆర్ ఫైలు ఆర్10 దాటి ఉండాలి. ఫీజు పర్మిట్‌కు 155, ఓపెన్ పర్మిట్ కాబట్టి అదనంగా 100, మొత్తం 255 డాలర్లు. జతచేయాల్సిన ముఖ్యమైన కాగితం ఏవోఆర్ లేఖ. కొందరు దానికి బదులు ఫీజు రసీదు పెట్టి తిరస్కరణ తెచ్చుకుంటారు.

పీజీడబ్ల్యూపీ ముగిసే తేదీకి ముందు ఈ దరఖాస్తు అందిందంటే, నిర్ణయం వచ్చేదాకా పాత పర్మిట్ షరతులతోనే పని చేసుకోవచ్చు. దీన్ని మెయింటెయిన్డ్ స్టేటస్ అంటారు. మీ పర్మిట్‌లో యజమాని పేరు లేదు కాబట్టి ఉద్యోగం మారినా ఫరవాలేదు. యజమాని పేరున్న పర్మిట్ అయితే అదే యజమాని దగ్గర, అదే పనిలో ఉండాలి. యజమాని రుజువు అడిగితే దరఖాస్తు అందినట్టు వచ్చిన లేఖ చూపండి.

ఈ సమయంలో దేశం దాటితేనే చిక్కు. తిరిగి వచ్చేటప్పుడు లోపలికి రానిచ్చినా, కొత్త పర్మిట్ వచ్చేదాకా పని చేసే హక్కు పోతుంది. చెల్లెలి పెళ్లికి నెల రోజులు వెళ్లొస్తామనుకునేవాళ్లు ఈ ముక్క గమనించాలి. సరిహద్దు దాకా వెళ్లి వెనక్కి తిరిగి అక్కడికక్కడే పర్మిట్ తెచ్చుకునే ఫ్లాగ్‌పోలింగ్ 2024 డిసెంబరు 23తో ఆగిపోయింది. ఆ సలహా ఇచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు, వినకండి.

పర్మిట్ ముగిసిన మర్నాడు దరఖాస్తు పెడితే మెయింటెయిన్డ్ స్టేటస్ రాదు. అప్పుడు 90 రోజుల్లో స్టేటస్ పునరుద్ధరణ కోరాలి, అది తేలేదాకా ఇంట్లో కూర్చోవాలి. మీ భార్య పర్మిట్ మీదాంతోపాటు దానంతటదే పొడిగించబడదు, ఆమెది వేరే దరఖాస్తు, వేరే షరతులు.

ప్రశ్న: ఫైలు పెట్టాక ఉద్యోగం మారాను. చెప్పాలా? జీతం తక్కువైనా నష్టమా?
— బెంగళూరు

జవాబు: చెప్పాలి. కొత్త ఉద్యోగం, కొత్త చిరునామా, కొత్త ఫోన్ నంబరు, ఏది మారినా వెబ్ ఫారంలో ఒక మెసేజ్ చాలు. జీతం తగ్గినంత మాత్రాన నష్టం లేదు. పాయింట్లు ఐటీఏ నాటివీ దరఖాస్తు నాటివీ చూస్తారు, అప్పటికి మీకున్న అనుభవం చెరిగిపోదు. ఏదైనా ప్రావిన్స్ (అక్కడి రాష్ట్రం) నామినేషన్ మీద వెళ్తున్నవాళ్లకు మాత్రం ఈ జవాబు వర్తించదు. ఫలానా యజమాని ఉద్యోగం చూసి నామినేట్ చేసి ఉంటే, అది వదిలితే ప్రావిన్స్ నామినేషన్ వెనక్కి తీసుకోవచ్చు. వాళ్లు ముందు ప్రావిన్స్‌తో మాట్లాడి, తర్వాత రాజీనామా రాయాలి.

ప్రశ్న: నిధుల రుజువు చూపించాం, ఏవోఆర్ వచ్చేసింది. ఇక ఆ డబ్బు తీసి ఊళ్లో ప్లాటుకు అడ్వాన్సు ఇచ్చేద్దామనుకుంటున్నాం. మంచి బేరం పోతోంది.
— రాజమహేంద్రవరం

జవాబు: బేరం పోనివ్వండి. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఒక విభాగమైన ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ కింద పెట్టినవాళ్లకు నిధులు దరఖాస్తు రోజునా ఉండాలి, వీసా ఇచ్చే రోజునా ఉండాలి. మధ్యలో అధికారి తాజా బ్యాంకు లేఖ అడగవచ్చు. 2025 జూలై పట్టిక ప్రకారం ఒక్కరికి 15,263, ఇద్దరికి 19,001, ముగ్గురికి 23,360, నలుగురికి 28,362 డాలర్లు. వెంట రాని భార్యాపిల్లలనూ కుటుంబ సంఖ్యలో లెక్కవేయాలి. మన రూపాయల్లో ఉన్నవాళ్లు మారకం విలువ కిందికి జారితే తక్కువ పడకుండా పైన కొంత ఉంచుకోవాలి.

ఏది లెక్కలోకి వస్తుందన్నది మరో తగాదా. సేవింగ్స్ ఖాతా, ముందే విరగ్గొట్టుకునే వీలున్న ఎఫ్‌డీ వస్తాయి. ప్లాటు, ఇల్లు, బంగారం, చీటీపాటలో కట్టినది రావు. అప్పు తెచ్చి ఖాతాలో వేసింది అసలే రాదు. మామగారు ఇచ్చింది వస్తుంది, కాని బహుమతి పత్రం, ఆయన ఖాతా నుంచి మీ ఖాతాకు వచ్చిన దారి, ఆయనకు ఆ సొమ్ము ఎలా వచ్చిందో చూపే కాగితం మూడూ ఉండాలి. బ్యాంకు లేఖలో ఖాతా నంబరు, తెరిచిన తేదీ, ఈనాటి నిల్వ, ఆరు నెలల సగటు నిల్వ, మీ పేరున ఉన్న అప్పులు, ఇవన్నీ లెటర్‌హెడ్ మీద ఉండాలి. మన బ్రాంచీల్లో సగటు నిల్వ రాయమంటే ‘మా ఫార్మాట్‌లో లేదు’ అంటారు. ఐఆర్‌సీసీ సూచనల పేజీ ప్రింటు తీసి మేనేజర్ ముందు పెట్టండి. సగటు నిల్వ లేని లేఖతో ఫైలు పెట్టి ఆర్10లోనే వెనక్కి వచ్చినవాళ్లు ఉన్నారు.

కెనడాలో చేసిన పని అనుభవంతో పెట్టే కెనేడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్ వాళ్లకు ఈ రుజువు అక్కర్లేదు.

ప్రశ్న: ఏజెంటు ఫారాలు నింపాడు. ఇప్పుడు కాపీ చూస్తే, ఏ దేశమైనా వీసా నిరాకరించిందా అన్నచోట లేదని రాశాడు. నాకు 2019లో అమెరికా స్టూడెంట్ వీసా రెండుసార్లు పోయింది. లాగిన్ కూడా అతని దగ్గరే ఉంది. ఇప్పుడు ఏం చేయాలి?
— కరీంనగర్

జవాబు: ఈ వారంలోనే సరిదిద్దండి. అమెరికా తిరస్కరణల సమాచారం కెనడాకు అందుతుంది, రెండు దేశాల మధ్య వలస సమాచారం ఇచ్చిపుచ్చుకునే ఏర్పాటు ఉంది. అధికారి కనిపెట్టాక మీకు సంజాయిషీ అడుగుతూ ప్రొసీజరల్ ఫెయిర్‌నెస్ లేఖ వస్తుంది, దానికి జవాబు సరిపోకపోతే వలస చట్టంలోని 40వ సెక్షన్ కింద ఐదేళ్ల నిషేధం. ఏజెంటు రాశాడన్న సాకు చెల్లదు. సంతకం మీది.

వెబ్ ఫారంలో ఒక సంజాయిషీ లేఖ పెట్టండి. ఏ ప్రశ్నకు తప్పు జవాబు పడింది, సరైన జవాబేంటి, తిరస్కరణ తేదీలు, ఏ కాన్సులేట్, ఏ కారణం అన్నవి నాలుగు వాక్యాల్లో రాయండి. ఆనాటి తిరస్కరణ లేఖ ఉంటే జతచేయండి. కథలు వద్దు. అమెరికా చట్టంలోని 221(జి) కింద ఆపిన వీసా నిరాకరణ కాదనుకుని వదిలేసేవాళ్లున్నారు. అదీ రాయండి, తర్వాత ఏమైందో కూడా రాయండి. ముందుగా మీరే చెప్పడం వల్ల గట్టెక్కుతారని హామీ ఇవ్వలేం గాని, దొరికిపోయాక చెప్పడానికీ దీనికీ చాలా తేడా ఉంది. రాసేముందు ఒక లాయర్‌కు గానీ లైసెన్సున్న కన్సల్టెంటుకు గానీ చూపిస్తే ఆ ఖర్చు వృథా కాదు.

డబ్బు తీసుకుని కెనడా ఫైలు నడిపే హక్కు లాయర్లకు, లా సొసైటీ సభ్యులైన పారాలీగళ్లకు, క్యూబెక్ నోటరీలకు, ఆర్‌సీఐసీ (వలస కన్సల్టెంటు) లైసెన్సున్నవాళ్లకు మాత్రమే. కన్సల్టెంట్ల లైసెన్సు నంబరును వాళ్లను నియంత్రించే సంస్థ (కాలేజీ అంటారు) పబ్లిక్ రిజిస్టర్‌లో చూసుకోవచ్చు. మీ ఫైలులో ప్రతినిధిని పెట్టుకున్నట్టు తెలిపే ఐఎంఎం 5476 ఫారం ఉందో లేదో అడగండి. లేదంటే ఆ ఏజెంటు మీ పేరుతో, తన మెయిల్‌తో అకౌంటు తెరిచి దొంగచాటుగా నడుపుతున్నట్టే. మీరు సొంత అకౌంటు తెరిచి, దరఖాస్తు నంబరు, వ్యక్తిగత వివరాలు ఇచ్చి ఫైలును దానికి లింకు చేసుకోవచ్చు. మెయిల్ అడ్రసు మార్చమని వెబ్ ఫారంలో కూడా కోరండి. తాఖీదు అతని ఇన్‌బాక్స్‌లో పడి గడువు దాటితే తిరస్కరణ మీ పేరు మీదే వస్తుంది.

ప్రశ్న: టెన్త్ మెమోలో ఇనీషియల్, డిగ్రీలో ఇంటిపేరు చివర, పాస్‌పోర్టులో ఇంటిపేరు మొదట. భార్య పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ. ఇప్పుడు అదనపు పత్రాలు కావాలని లేఖ వచ్చింది. ఏం పంపాలి?
— తిరుపతి

జవాబు: లేఖలో అడిగింది మాత్రమే పంపండి, గడువు తేదీకి ముందు పంపండి. గడువు చాలకపోతే ఆ తేదీలోపే పొడిగింపు కోరుతూ రాయండి, ఇప్పటిదాకా చేసిన ప్రయత్నానికి రుజువు పెట్టండి. పేర్ల తేడాకు రెండు పేర్లూ ఒకే వ్యక్తివంటూ నోటరీ అఫిడవిట్, దానికి తోడు రెండు పేర్లనూ కలిపే పాత కాగితం ఒకటి. తండ్రి పేరు, పుట్టిన తేదీ ఉన్న టెన్త్ మెమో ఇందుకు బాగా పనికొస్తుంది. ఆంధ్ర, తెలంగాణల్లో ఇంటిపేరు ముందు రాస్తారని ఒక వాక్యం చేర్చండి. అధికారికి అది తెలిసి ఉండాలని లేదు. సర్‌నేమ్ ఖాళీగా ఉన్నవాళ్ల పేరంతా కెనడా ఫారంలో ఇంటిపేరు గడిలో రాసి, రెండో గడి ఖాళీగా వదలాలి. తిరగేసి రాసి ఉంటే ఇప్పుడే చెప్పి దిద్దించండి, సీవోపీఆర్‌లో తప్పు పడ్డాక దిద్దించడం పెద్ద తలనొప్పి. తెలుగులో ఉన్న కాగితాలకు ఇంగ్లిషు అనువాదం, అనువాదకుడి అఫిడవిట్ కావాలి. మీరు గానీ బంధువులు గానీ చేసిన అనువాదం ఒప్పుకోరు.

ప్రశ్న: పదకొండు నెలలైంది. కోర్టుకెళ్తే ఫైలు కదులుతుందంటున్నారు. ఎంపీకి రాస్తే?
— కాల్గరీ

జవాబు: ఎంపీ కార్యాలయం ఉచితంగా విచారిస్తుంది, మీ నియోజకవర్గం ఎంపీ అయి ఉండాలి. కాని వాళ్లకు వచ్చే జవాబు సాధారణంగా మీ నోట్స్‌లో ఉన్నదే. ముందు నోట్స్ తెప్పించి ఏ అంశం ఆగిందో చూడండి. నెలల తరబడి కదలిక లేకపోతే, మీ వైపు నుంచి బాకీ ఏమీ లేకపోతే, ఫెడరల్ కోర్టులో మాండమస్, అంటే చేయాల్సిన పని చేయమని శాఖకు ఉత్తర్వు, కోరవచ్చు. కోర్టు ఫీజు 50 డాలర్లే, లాయర్ ఫీజే అసలు ఖర్చు. కోర్టు ఏదో ఒక నిర్ణయం తీసుకోమంటుంది, పీఆర్ ఇమ్మనదు. ఫైలులో బలహీనత ఉంటే తిరస్కరణను మీరే తొందరపెట్టి తెచ్చుకున్నట్టవుతుంది. ఈలోగా వారానికో వెబ్ ఫారం పంపడం మానండి. ప్రతి మెసేజూ ఎవరో ఒకరు తెరిచి చదవాలి.

ప్రశ్న: పాస్‌పోర్టు అడిగారు. ఇద్దరు పిల్లలతో ఉన్నాం, స్కూలు ఏడాది ముగిసేదాకా ఆగాలి. నేనొక్కణ్ణి ముందు వెళ్లొచ్చి, తర్వాత అందరం వెళ్తే కుదురుతుందా?
— విశాఖపట్నం

జవాబు: కుదురుతుంది. ప్రధాన దరఖాస్తుదారు ముందు వెళ్లాలి, లేదా అందరూ కలిసి వెళ్లాలి. భార్యాపిల్లలు ముందు దిగడం కుదరదు. మిగతావాళ్ల సీవోపీఆర్ గడువు వాళ్ల వాళ్ల పత్రం మీద ఉన్నదే, స్కూలు కోసం అది జరగదు. గడువు తేదీ చూశాకే టికెట్లు కొనండి.

మొదటి ప్రయాణంలోనే తర్వాత తెచ్చుకునే సామాన్ల జాబితా, బీఎస్ఎఫ్186 ఫారంలో, కస్టమ్స్ దగ్గర స్టాంపు వేయించుకోండి. నగలుంటే విలువతో సహా రాయండి. 10,000 డాలర్లు గానీ అంతకుమించి గానీ నగదు ఉంటే చెప్పాలి. పీఆర్ కార్డును కెనడా చిరునామాకే పంపుతారు, 180 రోజుల్లో చిరునామా ఇస్తే మొదటి కార్డు ఉచితం, దాటితే 50 డాలర్లు. నమ్మకమైన స్నేహితుడి చిరునామా ఇవ్వవచ్చు, అతను ఇల్లు మారే ఆలోచనలో లేడని కనుక్కోండి. కార్డు చేతికి రాకుండా విశాఖ వచ్చేస్తే, తిరుగు విమానం ఎక్కడానికి పీఆర్ ట్రావెల్ డాక్యుమెంట్ తెచ్చుకోవాలి. దానికి ఇంకో 50 డాలర్లు, ఇంకో నిరీక్షణ. స్నేహితుడు ఆ కార్డును ఎవరో వచ్చేవాళ్ల చేత పంపడం దీనికంటే సులువు. ఐదేళ్లలో 730 రోజులు కెనడాలో ఉండాలన్న లెక్క మీరు దిగిన రోజు నుంచే మొదలవుతుంది, పిల్లలకు వాళ్లు దిగిన రోజు నుంచి.